నాయన జీపులో ముందు సీటు

మా పెద్దబ్బాయి ఈ మధ్య కొత్త కారు కొన్నాడు. గిద్దలూరులో మా చెల్లెలి కూతురి గృహప్రవేశం ఉంటే, అమ్మను, అంటే నన్ను, కొత్త బండిలో తీసుకుపోవాలని వాడి ముచ్చట. బండికి పూజ చేయడం నా వంతు. మార్కాపురంలో మోటారు స్పేర్ పార్టుల దుకాణం పెట్టుకుని, మా ఆయన బయట తిరుగుతుంటే కౌంటరు వెనక సగం జీవితం గడిపినదాన్ని; ఎన్ని బండ్లకు నా చేత్తో బొట్లు పెట్టి ఉంటానో నాకే తెలియదు. ఆ అలవాటు కొద్దీ ముందున్న కంపెనీ గుర్తుకు దట్టంగా పసుపు పూసి, కుంకుమ అద్ది, దాని మీదుగా బంతిపూల దండ వేలాడదీశాను. బంపరు పొడుగునా గుండ్రంగా బిళ్ళల్లాంటివి కనిపిస్తే అలంకారం కాబోలనుకుని వాటికీ తలా ఒక బొట్టు పెట్టాను. అద్దం మీద పైన నడిమధ్యలో ఓంకారం రాశాను. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, హారతి ఇచ్చి, ఇక పోనీయరా అన్నాను.

వాడు బండి స్టార్ట్ చేశాడో లేదో, లోపలి తెర మీద ఒకదాని వెనక ఒకటి హెచ్చరికలు మొదలయ్యాయి. ముందు రాడార్ మూసుకుపోయిందట, కెమెరాకు ఏమీ కనిపించడం లేదట, సెన్సార్లు తుడవాలట. తీరా చూస్తే నేను బొట్లు పెట్టినవన్నీ ఆ కారు కళ్ళేనట. కోడలు నవ్వాపుకోలేక తడిగుడ్డ పట్టుకుని దిగి, "అత్తమ్మా, దిష్టి తీయమంటే కారు కండ్లకు గంతలు కట్టినావే" అంది. దుకాణం పెట్టిన ఇల్లు మాది, రోజూ సెన్సార్ల డబ్బాలు దించుకునే ఇల్లు మాది, అయినా అవి కారుకు ఎక్కడెక్కడ ఉంటాయో నాకు తెలియకపోవడం నాకే సిగ్గనిపించింది. మా రోజుల్లో కారుకు రెండే కళ్ళు, అవి హెడ్‌లైట్లు. వాటికి బొట్టు పెట్టినా బండి ఏమీ అనేది కాదు.

తర్లుపాడు మీదుగా కంభం దారి పట్టాం. ముందు సీటు నాది. వాడు నాతో మాట్లాడుతూ తెల్లగీత మీదికి కాస్త జరిగితే చాలు, స్టీరింగు వాడి చేతుల్లో సన్నగా వణికేది. వెనక నుంచి మోటారు సైకిలు ఏదైనా పక్కకు వస్తుంటే అద్దం మూల చిన్న పసుపుపచ్చ దీపం వెలిగేది. ముందు లారీ ఎంత దూరంలో ఉందో, దానికీ మనకూ మధ్య ఎంత చోటు వదలాలో అదే లెక్క చూసుకుని తానే వేగం తగ్గించేది. కంభం దాటాక మాత్రం దాని తెలివి కాసేపు తెల్లబోయింది. రోడ్డు నిండుగా గొర్రెల మంద ఎదురొచ్చి, మమ్మల్ని నడిమధ్యన వదిలి రెండు పక్కలా పారుతుంటే, ముందు, వెనక, కుడి, ఎడమ అన్ని సెన్సార్లూ ఒక్కసారిగా కూయడం మొదలుపెట్టాయి. గొర్రెల అరుపులు బయట, కారు అరుపులు లోపల. మంద కాసే ఆయన భుజం మీది కర్ర దించి, అద్దంలోంచి లోపలికి తొంగిచూసి, ఎవరికో ఏదో అయిందనుకుని పాపం జాలిగా చూసిపోయాడు.

మంద పోయాక మావాడు అలవాటైనవాడిలా, "నువ్వు నిద్రపోమా, అన్నీ అదే చూసుకుంటది" అన్నాడు. వాడు ప్రేమగానే అన్నాడు. కానీ బండిలో ముందు సీటులో కూర్చున్న మనిషిని నిద్రపొమ్మనడం నేను పుట్టి బుద్ధెరిగాక వినడం అదే మొదటిసారి. మా నాయన జీపులో అయితే అంతకు మించిన నేరం ఇంకొకటి లేదు.

అప్పటికి మా తాలూకాలు కర్నూలు జిల్లా నుంచి విడిపోయి ఎన్నో ఏళ్ళు కాలేదు. కోర్టు పనికైనా పెద్దాసుపత్రికైనా ఇంకా కర్నూలే నోటికొచ్చేది. మేం రాచర్ల దగ్గర ఒక పల్లెలో ఉండేవాళ్ళం. నాయన సర్వీసు జీపు నడిపేవాడు. జీపు ఆయనది కాదు, గిద్దలూరులో శనక్కాయల వ్యాపారం చేసే ఒక పెద్దమనిషిది. చుట్టరికం లేకపోయినా వరస కలుపుకుని ఆయన్ను మేం పెదనాయన అనేవాళ్ళం. రాత్రిపూట జీపు మా ఇంటి ముందే ఉండేది. పొద్దున్నే మా పల్లె నుంచి రాచర్ల, అక్కడి నుంచి గిద్దలూరు, మళ్ళీ వెనక్కి, అట్లా రోజంతా తిరిగేది.

సర్వీసు జీపు ఎక్కినవాళ్ళకు చెప్పనక్కర్లేదు, ఎక్కనివాళ్ళకు ఎంత చెప్పినా నమ్మరు. అందులో ఎంతమంది పడతారని ఎవరూ అడిగేవాళ్ళు కాదు, ఇంకెంతమంది పడతారనే అడిగేవాళ్ళు. అయినా దానికొక మర్యాద, ఒక వరస ఉండేది. ఆడవాళ్ళు, పసిపిల్లలు మధ్యలో. మేకపిల్లను చంకన పెట్టుకున్నవాళ్ళు, గడ్డపారలు, ఎరువు మూటలు వెనకాల. కుర్రకారు పైన, పక్కన, ఎక్కడ కాలు ఆనితే అక్కడ. డ్రైవరు పక్క సీటు మాత్రం పెద్దమనుషులది. ఖాళీగా ఉన్నా సరే, ఎవరుబడితే వాళ్ళు అందులో కూర్చునేవాళ్ళు కాదు. మా పల్లె నుంచి ఆ సీటు ఒక తాతది. తాత అంటే మా సొంత తాత కాదు, ఊరి పెద్ద, నాయన ఆయన్ను మామా అని పిలిచేవాడు. భుజాన ఇస్త్రీ తువ్వాలు, చేతిలో పొన్నుకర్ర, ఆయన వచ్చి ముందు సీటులో కూర్చుంటే తప్ప పొద్దుటి ట్రిప్పు కదిలేది కాదు.

ఒక ఏడు వానాకాలంలో నాయనకు పెద్ద జ్వరం వచ్చింది. చాలా రోజులు మంచం దిగలేదు. బతికి బట్టకట్టాడని అందరం సంతోషపడ్డాం కానీ, పోతూ పోతూ ఆ జ్వరం నాయన చెవులను పట్టుకుపోయింది. మంచం పక్కనే ఇత్తడి చెంబు జారిపడి ఇల్లంతా మోగినా ఆయన ఇటు తిరగకపోవడం అమ్మ చూసింది. ఇంకోసారి కావాలని పడేసి చూసింది. తర్వాత చెంబు తీసి పక్కన పెట్టి, చాలాసేపు ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది. ఆ రోజు నుంచి చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు అనే సామెత మా ఇంట్లో ఎవరి నోటా రాలేదు.

నాయనకు ఆ పని తప్ప ఇంకో పని రాదు. మాకున్న చేను మెట్టది, వానను నమ్ముకున్నది, ఆ వాన ఎప్పుడొస్తుందో దానికే తెలియదు. చెవులు వినపడనివాడికి బండి ఎవరూ ఇవ్వరు, లైసెన్సు కూడా ఉంచరని అందరూ అనుకునే రోజులవి. పెదనాయనకు తెలిస్తే జీపు తాళాలు ఇంకొకరి చేతికి పోతాయి. అదొక్కటే మా ఇంట్లో భయం. పిల్లలం మేం కూడా ఆ భయాన్ని అన్నంతోపాటు మింగుతూ ఉండేవాళ్ళం.

ఈ కాలం వాళ్ళకు ఇందులో అంత భయం ఎందుకో అర్థం కాదేమో. ఇప్పుడు బండికి ఏమైనా జరిగితే తెర మీద దీపం వెలుగుతుంది, మెకానిక్ వచ్చి ఒక వైరు తగిలించి, లాప్‌టాప్‌లో చదువుకుని, ఫలానా సెన్సార్ పోయిందని మా దుకాణానికి మనిషిని పంపుతాడు. ఆ రోజుల్లో బండి తన సంగతంతా చప్పుడుతోనే చెప్పుకునేది. గేరు ఎప్పుడు మార్చాలో ఇంజను మూలుగే చెప్పాలి, చక్రంలో రాయి ఇరుక్కుంటే టిక్కుటిక్కు చెప్పాలి, బెల్టు వదులైతే కీచుమనాలి. వాటినైనా నాయన అరచేతితో గేరు రాడ్డు పట్టుకుని, అరికాలితో పెడలు తొక్కి కొంత కనిపెట్టుకోగలిగాడు. దాటిపోవాలనుకున్న బండి వెనక నుంచి కొట్టే హారన్‌ను మాత్రం ఏ అరికాలితో వింటాడు? జీపుకు అరచేతంత అద్దం ఒకటి ఉండేది, అది కూడా పక్కన వేలాడే వాళ్ళ పంచెలను చూపించడానికే పనికొచ్చేది. సన్నటి రోడ్డు, వెనక లారీ, దారి ఇవ్వలేదని లారీవాడు పంతం పట్టి దూరితే ఏమవుతుందో చెప్పాల్సిన పని లేదు.

ఆ చిక్కుకు ఉపాయం అమ్మే కనిపెట్టింది. నాయన మళ్ళీ జీపు ఎక్కిన రోజున పెరుగు కుండ ఒళ్ళో పెట్టుకుని తానూ వెళ్ళి ముందు సీటులో కూర్చుంది. గిద్దలూరు ఇండ్లలో పెరుగు పోసొస్తానని సాకు. వెనక హారన్ వినపడితే కొంగు చాటున మోచేత్తో నాయన డొక్కలో ఒక్క పోటు. ఎవరైనా దిగాలని అరిస్తే మోకాలి మీద ఒక చరుపు. చూడటానికి కుండ సర్దుకుంటున్నట్టే ఉండేది. మొదటి రోజు బాగానే గడిచింది, రెండో రోజూ గడిచింది. కానీ పెరుగు మొదటి ట్రిప్పులోనే అయిపోయేది, అమ్మ మాత్రం పొద్దుగూకేదాకా జీపు దిగేది కాదు. ఖాళీ కుండ ఒళ్ళో పెట్టుకుని అటూ ఇటూ తిరిగే ఆడమనిషిని చూసి ఊరు ఊరుకుంటుందా?

మొగుడి మీద అనుమానమని పుట్టించారు. డ్రైవర్ల సంగతి తెలిసిందే కదా, ఊరికొక ఇల్లు ఉంటుందని, అందుకే ఆయమ్మ కాపలా కాస్తోందని, నూతి దగ్గర ఒకటే నవ్వులు. ఆమె మోచేత్తో పొడవడం కూడా చూసినవాళ్ళున్నారు, దాంతో కథకు ఇంకా బలం వచ్చింది. మా అమ్మమ్మ దాకా పోయింది ఆ మాట. నేను బడి నుంచి ఏడ్చుకుంటూ వచ్చి అడిగితే అమ్మ నా ముక్కు తుడిచి, "అననీలే. అదే అనుకుంటా ఉండనీ" అంది. అప్పుడు నాకు అర్థం కాలేదు. తన మొగుడు చెవిటివాడని తెలియడం కంటే తాను అనుమానపు పెళ్ళామని పేరు పడటమే నయమని ఆమె లెక్క. ఆ పేరును నెలల తరబడి పెరుగు కుండతోపాటే మోసింది.

ఊరంతా నవ్వింది కానీ ముందు సీటు తాత నవ్వలేదు. ఆయనకు ఒళ్ళు మండింది. ఎన్నేళ్ళ నుంచో కూర్చున్న సీటులో ఒక ఆడమనిషి, అదీ పెరుగు కుండతో. వెనక ఎక్కమంటే పెద్దరికం పోతుంది, అమ్మను దిగమంటే నాయన వినడు. నిజానికి నాయనకు వినపడేదే కాదు, కానీ ఆ సంగతి తాతకు తెలియదు కదా, పొగరనుకున్నాడు. ఇక పట్టుబట్టి, ఎండలో రాచర్ల దాకా నడిచిపోయి బస్సు కోసం పడిగాపులు పడేవాడే తప్ప మా జీపు ఎక్కలేదు. మా ఇంటి ముందు నుంచి పోతూ పొన్నుకర్ర నేలకేసి గట్టిగా కొట్టుకుంటూ పోయేవాడు.

ఇంతలో అర్ధవీడులో మా అమ్మమ్మ జారిపడిందని కబురొచ్చింది. అమ్మ వెళ్ళక తప్పలేదు. బడికి సెలవు కాబట్టి ఆ ఒక్కరోజూ నన్ను ముందు సీటులో కూర్చోమని, ఎప్పుడు ఎక్కడ తట్టాలో నాలుగైదుసార్లు చెప్పించుకుని, నా చేత ఒట్టు వేయించుకుని మరీ వెళ్ళింది. నేను పెద్ద ఉద్యోగం వచ్చినదానిలా జడలు బిగించుకుని ఎక్కి కూర్చున్నాను. అమ్మ ఊళ్ళో లేదని తాతకు ఎట్లా తెలిసిందో గానీ, ఎన్నాళ్ళకో ఇస్త్రీ తువ్వాలుతో తయారై వచ్చాడు. సీటులో నన్ను చూసి ఇదేమి లెక్క అన్నట్టు రెండు చంకల్లో చేతులు వేసి ఎత్తి, వెనక ఆడవాళ్ళ మధ్య దించి, తన సీటులో తాను కూర్చున్నాడు. నేను గింజుకున్నాను కానీ నోరు విప్పి ఏమని చెప్పను? నిజం చెబితే తాళాలు పోతాయి. నాయన నా వైపు ఒకసారి చూసి బండి కదిలించాడు.

రాచర్ల దాటాక బస్తాల లారీ ఒకటి వెనక తగులుకుంది. హారన్ మీద హారన్. నా ముందు ఇద్దరు ఆడవాళ్ళు, ఒక మూట. చెయ్యి చాపితే నాయన చొక్కా అందడం లేదు. తాత విసుగ్గా, "దారి ఈయరా, ఏంది నీ మొండితనం" అన్నాడు. నాయన రోడ్డు మీదే చూపు పెట్టి పోతున్నాడు. తాత ఇంకొంచెం గట్టిగా అన్నాడు. తర్వాత అరిచాడు. లారీ రోడ్డు దిగి పక్క నుంచి దూరబోతూ ఉంది, దాని ముందు చక్రం మా వెనక చక్రం దాకా వచ్చింది. అప్పుడు తాత నాయన మొహంలోకి పరీక్షగా చూశాడు. చూసి, అరవడం మాని, చెయ్యి చాపి నాయన ఎడమ భుజం మీద వేసి మెల్లగా తన వైపు లాగాడు. నాయన వెంటనే బండిని ఎడమకు తీశాడు. లారీ దుమ్ము రేపుకుంటూ మమ్మల్ని దాటిపోయింది. గిద్దలూరు వచ్చేదాకా తాత ఆ భుజం మీది చెయ్యి తీయలేదు.

జీపు ఆగాక ఆయన తన పని మీద పోలేదు. నేరుగా రోడ్డు దాటి పెదనాయన దుకాణంలోకి వెళ్ళాడు. నాయన సీటులోంచి కదలకుండా స్టీరింగు పట్టుకుని ఆ దుకాణం వైపే చూస్తున్నాడు. వినపడకపోయినా అక్కడ నడిచేది తన సంగతేనని ఆయనకు తెలుసు. ఇద్దరూ మాట్లాడుకున్నారు, పెదనాయన ఒకసారి జీపు వైపు చూశాడు, మళ్ళీ మాట్లాడుకున్నారు. నేను ముందు సీటులోకి దూకి నాయన పక్కన కూర్చున్నాను. ఆయన స్టీరింగు మీది చెయ్యి ఒకటి తీసి నా తల మీద పెట్టాడు.

పెదనాయన వచ్చాడు. జీపు చుట్టూ ఒకసారి తిరిగాడు. నాయన తాళాలు తీసి ఆయనకు ఇవ్వబోయాడు. పెదనాయన వాటిని తీసుకోలేదు, రెండో ట్రిప్పుకు పొద్దుపోతోందని చేత్తో సైగ చేసి వెళ్ళిపోయాడు. మర్నాడు మెకానిక్‌ను పిలిపించి, లారీకి ఉండేంత పెద్ద అద్దం ఒకటి తెప్పించి, నాయన కుడిచేతి వైపు బిగించాడు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. మేం బండికి షోకు చేయించాడనుకున్నాం.

ఆ రోజు దుకాణంలో ఏం మాట్లాడుకున్నారో నాకు నా పెళ్ళిలో తెలిసింది. పెదనాయన భార్య, మా పెద్దమ్మ, నా జడకు పూలు కుడుతూ చెప్పింది. తాత వెళ్ళి, డ్రైవరుకు చెవులు పోయినాయి, నువ్వు మాత్రం మనిషిని మార్చొద్దు, ఆయమ్మ లేని పూట నేను కూర్చుంటానని అడిగాడట. దానికి పెదనాయన, "నాకు ఎప్పుడో తెలుసులే మామా. జ్వరం తగ్గి వచ్చిన రోజే వెనక నుంచి పిల్చినా, పలకలా. ఆయమ్మ పక్కన కూసున్నంత కాలం నా బండికి ఏం గాదని ఊరుకున్న్యా. నాకు తెలిసినట్ల వాళ్ళకు తెలీనీయొద్దు" అన్నాడట. మేం ఇన్నాళ్ళు ఆయన దగ్గర దాచింది తనకు తెలుసన్న సంగతిని ఆయన మా దగ్గర దాచాడన్నమాట. పూలు కుట్టించుకుంటూ ఏడ్చాను, పెళ్ళికూతురు పుట్టింటి మీద బెంగతో ఏడుస్తోందని అందరూ అనుకున్నారు.

ఆ లారీ రోజు తర్వాత నాయన చెవుల సంగతి ఊరంతటికీ తెలిసిపోయి, జీపులో సంగతులన్నీ మారిపోయాయి. అమ్మను ఎవరూ ఏమీ అనలేదు, నూతి దగ్గర నవ్వినవాళ్ళే ఇంటికొచ్చి పెరుగు పోయించుకుపోయారు. ఇక ఇంట్లో ఉండు, మేమున్నామని తాత అమ్మను దించి, తన సీటు తాను తీసుకున్నాడు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు ఆయన మొదట్లో మేక కనపడినా తట్టేవాడు, కోడి కనపడినా తట్టేవాడు. నాయనకు భుజం వాచిపోయి, "మామా, కండ్లు నాకుండాయి. చెవుల పని మాత్రం నువ్వు చూడు" అని మొత్తుకునేదాకా వచ్చింది. అప్పటి నుంచి ఎడమ భుజం మీద చెయ్యి వేస్తే వెనక బండికి దారి ఇమ్మని, మోకాలి మీద చరిస్తే ఎవరో దిగాలని, గుర్తులు కుదిరాయి.

మెల్లమెల్లగా అది ఆ దారిలో కట్టుబాటైపోయింది. ముందు సీటు పెద్దమనుషులదన్న మాట పోయి, మెలకువగా ఉండేవాళ్ళదన్న మాట వచ్చింది. తాత రాని పూట ఎవరు కూర్చున్నా, ఎక్కేముందే వెనకవాళ్ళు ఆ గుర్తులన్నీ అప్పజెప్పేవాళ్ళు. ఒకసారి కొత్త పెళ్ళికొడుకు పట్టుచొక్కాతో దర్జాగా కూర్చుంటే, చుట్టాలంతా వెనక నుంచి హారన్ వచ్చిందల్లుడూ, తట్టు అల్లుడూ అని అరిచి అతన్ని ఉక్కిరిబిక్కిరి చేశారు. ఒక పెద్దమనిషి కునికితే నడిరోడ్డున జీపు ఆపించి వెనక్కి పంపించారు, ఎంత ఆస్తి ఉన్నా సరే. ఊళ్ళో ఎవరినైనా వీడు నమ్మదగ్గ మనిషేనా అని అడిగితే, ముందు సీటులో కూర్చోబెట్టొచ్చు అనేవాళ్ళు. నాయన అట్లా ఒక్కరోజు కూడా సీటు పోకుండా జీపు నడుపుకున్నాడు.

నా పెళ్ళయి మార్కాపురం వచ్చాను. దుకాణం నిలదొక్కుకుంది, పెద్దబ్బాయి పుట్టాడు. మా ఆయన సరుకు కోసం హైదరాబాదు వెళ్ళినప్పుడు మా నాయన కోసం చెవికి పెట్టుకునే మిషన్ తెచ్చాడు. ఈ కాలపు వాటిలా కనిపించకుండా ఉండేది కాదు. అగ్గిపెట్టెంత డబ్బా జేబులో, దాని నుంచి వైరు చెవిలోకి. మా ఇంట్లోకి వచ్చిన మొదటి ఎలక్ట్రానిక్ వస్తువు అదే, రేడియో తర్వాత. నాయన అది పెట్టుకుని మొట్టమొదట విన్నది పెద్దబ్బాయి ఏడుపు. వాడు గుక్కపట్టి ఏడుస్తుంటే ఊరుకోబెట్టనీయలేదు, ఇంకాసేపు ఏడవనీయండే అని, తనూ ఏడుస్తూ కూర్చున్నాడు. మా పెళ్ళిలో వాయిద్యాలు వినలేదు, నా గొంతు ఎట్లా మారిందో వినలేదు, ఆ పూటంతా నాతో ఊరికే మాట్లాడించుకున్నాడు. నాకు అంతకంటే పెద్ద పండుగ లేదు.

ఇక జీపుకు కూడా బెంగ తీరిందనుకున్నాం. నాయన కూడా మొదట్లో మిషన్ పెట్టుకునే జీపు నడిపాడు. హారన్ ఆయనకే వినపడుతోంది, దిగేవాళ్ళ కేకా వినపడుతోంది. చాలా రోజులయ్యాక పుట్టింటికి వెళ్ళి జీపు ఎక్కితే, మిషన్ డబ్బా జేబులోనే ఉంది కానీ వైరు చెవిలో లేదు. చుట్టి జేబులో పెట్టేశాడు. ముందు సీటులో ఒక నడివయసు ఆయన నిటారుగా కూర్చుని, మెడ తిప్పి తిప్పి వెనక్కి చూస్తూ, ఎప్పటిలాగే తడుతూ వస్తున్నాడు. నాకు కోపం వచ్చింది. అల్లుడు అంత దూరం నుంచి తెస్తే ఇదా చేసేదని, ఇంటికి రాగానే మిషన్ పెట్టించి మరీ నాయనను దులిపేశాను. సెల్లు అయిపోయిందా, చెవి నొప్పి పెడుతోందా అని అడిగాను. అవేమీ కాదన్నాడు. మిషన్ చాలా మంచిదన్నాడు, ఇంటికొచ్చి పిల్లాడి కోసం పెట్టుకుంటూనే ఉన్నానన్నాడు. మళ్ళీ మళ్ళీ గుచ్చి అడిగితే, మిషన్ తీసి చేతిలో పెట్టుకుని చూస్తూ చెప్పాడు.

"అది పెట్టుకుంటే జీపులో నా భుజం మీద ఎవురూ చెయ్యి ఎయ్యడంల్యా అమ్మా. ముందు సీట్లో కూసున్నోడు నిద్రపోతాండాడు."

తాత అప్పటికే కాలం చేశాడు. నాయన స్టీరింగు ముందు కూర్చున్నన్నాళ్ళూ మిషన్ జేబులోనే ఉంది, ముందు సీటులో ఎవరో ఒకరు మెలకువగానే ఉన్నారు. ఆయన తనంతట తానే తాళాలు తీసుకెళ్ళి పెదనాయనకు ఇచ్చి, ఇక చాలని ఇంటికొచ్చి కూర్చున్నాక, అప్పుడు పొద్దస్తమానం మిషన్ పెట్టుకుని మనవళ్ళతో కబుర్లు చెప్పుకున్నాడు.

ఈ కథంతా ఆ రోజు కారులో చెబుతుంటే గిద్దలూరు వచ్చేసింది. ఇట్లాంటి కారు అప్పుడే వచ్చి ఉంటే మీ నాయనకు ఎంత బాగుండేదో కదమ్మా అన్నాడు మావాడు. నిజమే, బాగుండేది. మా అమ్మ ఖాళీ కుండతో ఊరి నవ్వులు మోయాల్సిన పని ఉండేది కాదు, నేను ఆడవాళ్ళ మధ్య చిక్కుకుని ప్రాణాలు ఉగ్గబట్టుకోవాల్సిన పనీ ఉండేది కాదు. నేను పాతకాలమే మంచిదనే మనిషిని కాను; యంత్రాలు అమ్ముకునే బతికాం, వాటి పుణ్యాన పిల్లలు క్షేమంగా ఇల్లు చేరుతున్నారు, అంతకంటే ఏం కావాలి? మా తరంలో పక్కన కూర్చున్న మనిషికి ఒక పని ఉండేది. ఇప్పుడు కారులో నలుగురు కూర్చుంటే నలుగురూ నాలుగు ఫోన్లు చూసుకుంటారు, కారు ఎవరినీ ఏమీ అడగకుండా అందరినీ తీసుకుపోతుంది. తిరుగు ప్రయాణంలో నేనూ హాయిగా నిద్రపోయాను, అబద్ధం ఎందుకు.

కానీ నాయన గనుక ఆ కారులో కూర్చుని ఉంటే, అన్నీ శ్రద్ధగా చూసి, మనవడు చెప్పిందంతా విని, చాలా బాగుందిరా అని మెచ్చుకుని, ఇవన్నీ ఆపేసే మీట ఎక్కడుందని మెల్లగా అడిగి ఉండేవాడు.